గడప దాటని మనిషి

రెప్ప వేయకుండా చూసే మనిషి ఎదురుపడితే పోలీసువాడికి మొదట అనుమానం వస్తుంది, తరువాత కోపం వస్తుంది. మూడోది ఆలోచన. అది చాలామందికి రాదు.

గురువారం ఉదయం పదకొండు దాటి అయిదు నిమిషాలు. తిర్మలాపేట స్టేషన్లో ఇన్‌స్పెక్టర్ ఓంప్రకాశ్ కేసు ఫైలును బల్ల మీద ముందుకు తోసి కుర్చీలో వెనక్కి వాలాడు.

"సూడుండ్రి లిడియా మేడం. మూడింటికి ప్రెస్ మీట్, నాలుగింటికి కోర్టు. గీ కేసుల ఎస్పీ సాబ్ మిమ్ముల ఎందుకు పంపిండో నాకైతే సమజ్ కాలే."

"కాగితాలు చూసి రమ్మన్నడు. చూస్తున్న," అంది లిడియా.

ఆమె కరీంనగర్ నేర విభాగమైన సీసీఎస్ ఇన్‌స్పెక్టర్. సొంతూరు జమ్మికుంట. ఓంప్రకాశ్, ఆమె ఒకే బ్యాచ్. ఒకే బ్యాచ్ వాళ్ళ మధ్య ఎంత ప్రేమ ఉంటుందో ఉద్యోగం చేసిన ఎవరినడిగినా చెబుతారు.

ఫైలులో ఉన్నది ఇంతే. మంగళవారం మధ్యాహ్నం ఒంటి గంటకు దశరథం కార్ఖానాలో సాంచలు ఆగాయి. మరమగ్గాలను అక్కడ సాంచలంటారు. పనివాళ్ళు భోజనాలకు వెళ్ళారు. దశరథం ఒక్కడే లోపల కూర్చుని కరీంనగర్‌లో చదువుతున్న కూతురు హర్షిణితో ఫోన్ మాట్లాడుతున్నాడు. ఒంటిగంటా పదహారు నిమిషాలకు "ఆగు బిడ్డా, ఎవరో వచ్చిండ్రు" అన్నాడు. తరువాత ఏదో పడిన చప్పుడు. ఒంటిగంటా నలభై ఎనిమిదికి పనివాళ్ళు తిరిగి వచ్చేసరికి అతను రెండు సాంచల మధ్య తల పగిలి పడి ఉన్నాడు. పక్కనే షటిల్‌ను కొట్టే కర్ర.

గడప దగ్గర, ఎడమ చేత్తో దర్వాజా పట్టుకుని, శవాన్ని చూస్తూ పర్శరాములు నిలబడి ఉన్నాడు. యాభై ఏడేళ్ళ నేత కార్మికుడు. ఇరవై రెండేళ్ళు అదే కార్ఖానాలో పనిచేసి, నాలుగు నెలల కిందట దశరథం చేత గెంటించుకున్నవాడు. సందు మొదట్లో ఉన్న కిరాణా కొట్టు కెమెరాలో అతను సందులోకి నడిచిన సమయం ఒంటిగంటా మూడు నిమిషాలు.

"కోపముంది, టైం కుదిరింది, మనిషి ఆడనే దొరికిండు," ఓంప్రకాశ్ వేళ్ళు మడిచాడు. "ఇంగేం గావాలె?"

"మనిషిని చూడాలె."

పక్క గదిలో బల్ల మీద పర్శరాములు కూర్చుని ఉన్నాడు. కూర్చోబెట్టారు అనడం సరైన మాట. ముఖంలో భయం లేదు, బాధ లేదు, విసుగు కూడా లేదు. కళ్ళు ఎదురుగోడ మీద నిలిచిపోయాయి. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు దేన్నో ఉండ చేస్తున్నట్టు ఆగకుండా కదులుతున్నాయి. లిడియా గడపలోనే ఆగిపోయింది. ఆరేళ్ళపాటు తన తండ్రి ఏలియా ముఖంలో చూసిన చూపే అది. ఆయన పోయి మూడేళ్ళయింది.

"పర్శరాములన్నా, నా పేరు లిడియా. నా మాట వినవడుతుందా?"

పెదవులు చాలా కొద్దిగా కదిలాయి. ఆమె చెవి దగ్గరగా పెట్టింది. ఊపిరి తప్ప ఏమీ వినబడలేదు.

"రెండు దినాలకెళ్లి గిదే నాటకం," వెనక నుంచి ఓంప్రకాశ్ అన్నాడు. "ఇరవై రెండేండ్లు పని ఇచ్చిన మనిషి సచ్చి పడుంటే కండ్లల్ల సుక్క నీళ్ళు లేవు. మొఖం సూడుండ్రి, రాయి. చెయ్యి వణుకుతదంట! నేను నీళ్ళ గ్లాసు ఇచ్చిన. అందుకోంగనే వణుకు బంద్ అయింది. మల్ల చెయ్యి ఒళ్ళె పెట్టుకోంగనే షురూ. నాటకం గాకుంటే ఏంది?"

"గదే ఈ రోగం గుర్తు," లిడియా అంది. "చెయ్యి ఊకె ఉన్నప్పుడు వణుకుతది, పని చెయ్యవోతే జర ఆగుతది. పార్కిన్సన్ అంటరు. మొఖం మీద కండలు బిగుసుకపోతయి. లోపల ఏడుస్తున్నా బయటికి రాదు. మా బాపు నా పెండ్లిల గిట్లనే కూసున్నడు. అల్లుడు నచ్చలేనట్టుందని అందరు అన్నరు."

ఆమె పర్శరాములు చెయ్యి తన చేతిలోకి తీసుకుని, రెండు వేళ్ళూ కలిపి విడదీయమని చూపించింది. మొదటి రెండుసార్లు వేళ్ళు కొంచెం విడిపోయాయి. మూడోసారి తక్కువ. ఆరోసారికి అతుక్కుపోయాయి. ఎడమ చెయ్యి కొంచెం నయం. రోగం ఒక పక్క మొదలై రెండో పక్కకు పాకుతోంది.

"ఈ చెయ్యి కర్ర ఎత్తి మనిషి తల పగలగొట్టిందా?"

"కోపమొస్తే పిల్లి గూడ పులైతది మేడం."

లిడియా తలుపు దగ్గరికి వెళ్ళింది. బయట విడిచిన అతని చెప్పులు తీసి తిరగేసింది. కుడి చెప్పు ముందు భాగం, కాలు ఈడ్చి ఈడ్చి, కాగితంలా అరిగిపోయింది. అడుగున ఎండిన బురద ఉంది. ఇంకేమీ లేదు. ఆమె వాటిని ప్లాస్టిక్ సంచిలో వేయించింది.

"వాంగ్మూలం రాయమన్నరా?"

ఓంప్రకాశ్ నవ్వి ఫైలులోంచి ఒక కాగితం లాగి ఇచ్చాడు. "రాసిండు. మీరే సూడుండ్రి, సీమల బారు."

మొదటి అక్షరాలు చదవదగ్గట్టే ఉన్నాయి. 'నేను గడప కాడ నిలబడ్డ.' ఆ తరువాత అక్షరాలు చిన్నవై, ఇంకా చిన్నవై, వరస చివరికి గీతలా మారాయి. తండ్రి బైబిలులో రాసుకున్న గుర్తులు ఆఖరి ఏళ్ళలో ఇలాగే చిక్కిపోయాయి. ఆమె ఫోనుతో ఫొటో తీసుకుంది. అప్పుడే పర్శరాములు ఒళ్ళు ఒక పక్కకు ఒరిగింది. పట్టుకోబోయిన లిడియా, చెయ్యి అతని మెడకు తగలగానే ఉలిక్కిపడింది. ఒళ్ళు కాలిపోతోంది. మెడ కట్టెలా బిగుసుకుపోయి ఉంది.

"ఈయనకు గోలీలు ఎప్పుడు ఇచ్చిండ్రు?"

"ఏ గోలీలు?"

"ఓంప్రకాశ్ సాబ్! రోజుకు మూడుసార్లు గడియారం చూసి ఇచ్చే గోలీలు. మంగళారం రెండున్నరకు తెచ్చిండ్రు. ఇయ్యాల పదకొండు దాటింది. ఒక్కటన్న ఇచ్చిండ్రా?"

అతను తలుపు దగ్గరున్న కానిస్టేబుల్ వైపు చూశాడు. కానిస్టేబుల్ నసుగుతూ చెప్పాడు. మంగళవారం సాయంత్రమే పర్శరాములు భార్య గోలీలు తెచ్చిందట. బయటి మందులు లోపలికి ఇవ్వకూడదని గేటు దగ్గరే ఆపేశారట. ఆమె అప్పటినుంచీ పక్కనున్న జిరాక్స్ దుకాణం అరుగు మీదే కూర్చుందట.

నలభై అయిదు గంటలు. ఈ మందును ఒక్కసారిగా ఆపేస్తే ఏమవుతుందో నరాల డాక్టర్ ఒకప్పుడు లిడియాకు కాగితం మీద రాసి మరీ చెప్పింది. జ్వరం ఎక్కుతుంది, ఒళ్ళు బిగుసుకుపోతుంది, తరువాత ప్రాణం మీదికి వస్తుంది.

ఆమె నూట ఎనిమిదికి ఫోన్ చేసింది. అంబులెన్స్ వేములవాడలో ఉంది. నలభై అయిదు నిమిషాలు పడుతుందన్నారు. జీపులో తీసుకుపోదామంటే కూర్చున్నట్టే బిగుసుకుపోయిన అతని ఒళ్ళు తలుపులో పట్టడం లేదు. ఈలోగా అతని భార్య కమలవ్వను లోపలికి పిలిపించారు. బక్కపల్చటి ఆడమనిషి. కొంగు ముడిలోంచి గోలీల పట్టీ తీసింది. తీసే రెండు చేతులూ వణుకుతున్నాయి. గోలీ నలిపి నీళ్ళలో కలిపి చెంచాతో మెల్లగా మింగించేసరికి పదకొండూ ఇరవై అయిదు.

"ఇది పట్టేతందుకు నలభై నిమిషాలు," అంటూ లిడియా ఓంప్రకాశ్‌ను వరండాలోకి లాగింది. "మీరు అరెస్ట్ చూపెట్టలే. కోర్టుకు తోలలే. మందులు ఇయ్యలే. ఈ మనిషి లాకప్ల సస్తే మీ టోపీ ఒక్కటే పోదు, మీరు గూడ లోపలికి పోతరు. నేనే సాక్ష్యం చెప్త."

అతని ముఖం నల్లబడింది. "నన్ను బెదిరిస్తుండ్రా?"

"అవు, బెదిరిస్తున్న. తడిగుడ్డ మారుస్తనే ఉండుండ్రి. అంబులెన్స్ రాంగనే ఎక్కియ్యుండ్రి. నేను కార్ఖానా చూసొస్త."

ఆ మాటల్లో ఒక్క మాట ఎక్కువైందని ఆమెకు అప్పుడు తెలియదు.

* * *

కార్ఖానా అయిదు నిమిషాల దారి. ఇంట్లో మిగిలిన గోలీలు తీసుకుందామని కమలవ్వను కూడా జీపెక్కించుకుంది. పర్శరాములు ఇల్లు పక్క సందులోనే ఉంది.

సీలు తీసి లోపలికి వెళ్ళింది. పన్నెండు సాంచలు, వాటి మధ్య ఒక మనిషి పట్టేంత దారి. వెనక నూలు కండెలు చుట్టే గది, దానికో తలుపు. లిడియా శవం పడిన చోటికి పది అడుగులు వేసి, వెనక్కి వచ్చి తన బూట్లు తిరగేసింది. నూనె మరకల మీద దూది నూగు మెత్తగా అతుక్కుని అడుగుభాగం తెల్లబడిపోయింది. గోటితో గీకినా ఊడటం లేదు.

పర్శరాములు చెప్పుల కింద బురద తప్ప ఒక్క పోగు లేదు. అతన్ని చూసినప్పుడు చెప్పులు కాళ్ళకే ఉన్నాయని ముగ్గురు సాక్షులు చెప్పినట్టు ఫైలులో ఉంది. అతను గడప దాటనే లేదు.

"కమలవ్వా, మంగళారం గోలి ఎన్నింటికి ఏసుకుండు?"

ఆమె చెయ్యి చెవికి అడ్డం పెట్టుకుంది. లిడియా గట్టిగా అడిగింది.

"పదకొండింటిది ఆలిస్యమయింది మేడం. ఒంటిగంటకు జర ముంగట ఏసుకొని బయిలెల్లిండు. గోలి పట్టకముందు గడపల కాడ కాళ్ళు నేలకు అంటుకపోతయి. ఎంత తోసినా కదలడు."

ఒంటిగంటకు ముందు వేసుకున్న గోలీ ఒంటిగంటా పదహారుకు పని చేయదు. మందు ఇంకా పట్టని కాళ్ళతో అతను సందులో ఈడ్చుకుంటూ వచ్చి, ఇక్కడ ఇరుక్కుపోయి, ఎదురుగా జరిగిందంతా చూశాడు. 

"అందరు వచ్చినంక ఏమన్న చెప్పిండా?"

"పెదిమెలు కదిలినయంట. ఏం లాభం? నేను గూడ మొన్నటిదాక ఈడనే కండెలు చుట్టిన, సాంచల మోతకు మా అందరి చెవులు పోయినయి. మేం మాటలు విని కాదు, మూతులు చూసి మాట్లాడుకుంటం. ఈయిన గొంతు లేవదు, మూతి కదల్దు. నేనే ఎరుకపట్టలేకపోతున్న, ఆళ్ళేం ఎరుకవడ్తరు?" కమలవ్వ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "తాగొస్తుండని మొదలు అన్నరు. తర్వాత ఈయిన రోగం అందరికి అంటుకుంటుందని అన్నరు. గ్లాసు వేరే పెట్టిండ్రు. దశరథం సేటు రావద్దన్నడు. మొన్న మంగళారం పొద్దుగాల ఆయినే ఫోన్ చేసిండు. 'నాదే తప్పయింది కమలవ్వా, ఒంటిగంటకు పర్శరాములును ఒక్కసారి తోలియ్యి' అన్నడు. ఏడ్చినట్టే వినవడ్డది."

"రోగం ఎవరికి అంటుకుంది?"

ఆమె తన రెండు చేతులూ ముందుకు చాపింది. రెండూ ఒక్కలాగే వణుకుతున్నాయి. "నాకు. ఈడ పనిచేసే ఇంకో అయిదుగురికి. అందరికి గీ నాలుగు నెలలల్లనే. ఆయిన పక్కల పండుకుంట గద, నాకైతే అంటుకుంది. ఆయినను ఇంట్లకెళ్లి గెదమ లేకపోతి. ఎక్కడికి పోతడు?"

లిడియా ఆ చేతులను దగ్గరగా చూసింది. ఈ రోగం తాకితే వచ్చేది కాదు. పైగా ఒకే కప్పు కింద ఆరుగురికి, ఒకే కాలంలో, రెండు చేతులకూ ఒకేసారి రావడమా? పర్శరాములుకు కుడిచేత్తో మొదలై రెండో చేతికి పాకడానికి ఏళ్ళు పట్టింది.

దశరథం కూర్చునే చోట గోడకు నూలు నమూనాల కట్టలు వేలాడుతున్నాయి. వాటి మధ్య ఒక దారానికి గుచ్చిన ఆరు కాగితపు పొట్లాలు. ఒక్కొక్కదాని మీద ఒక పేరు. మూడోది కమలవ్వ. విప్పితే సగం కత్తిరించిన గోలీల పట్టీ, వెనక మందు పేరులో నాలుగు అక్షరాలు.

"ఇది నాదే! పోయిన వారం సేటు అడిగి తీసుకుండు. తల తిరుగుతుందంటే సాయిచంద్ డాక్టర్ ఇచ్చిండు. డాక్టరంటే చదువుకున్న డాక్టర్ కాదు, మన బజార్ల సూదులేసే ఆయిన. మోతకు, గాలాడక మా అందరికి తల తిరుగుతది. రోజు ఏసుకుంటె మంచిగుంటదన్నడు. నాలుగు నెలలకెళ్లి తప్పకుండ ఏసుకుంటున్న."

లిడియా ఫొటో తీసి తండ్రికి వైద్యం చేసిన కరీంనగర్ నరాల డాక్టర్ మహిమకు పంపి, వెంటనే ఫోన్ చేసింది. పదకొండూ యాభై రెండు.

"ఈ పొట్లాలు నేను చూసినయే," డాక్టర్ అంది. "పోయిన శనివారం ఒకాయన తీసుకొచ్చిండు. దశరథమని చెప్పిండు. ఇది తల తిరుగుడుకు ఇచ్చే మందే, కొన్ని రోజులకైతే పర్వాలేదు. నెలల తరబడి వాడితే కొందరికి, అందులో వయసు మీద పడ్డోళ్ళకు, అచ్చం పార్కిన్సన్ లెక్క వణుకు, బిగుసుడు వస్తయి. అసలు పార్కిన్సన్‌ల మెదడుల, ఒంటిని కదిలిచ్చే డోపమైన్ అనే రసాయనం తయారుచేసే కణాలే సచ్చిపోతయి. ఎందుకు సస్తయో ఎవ్వరికీ పూర్తిగ తెల్వదు. ఈ గోలీలు కణాలను సంపవు గని, ఆ డోపమైన్‌ను పనిచెయ్యనియ్యవు. ఆపితే చాలామందికి మెల్లగ తగ్గుతది. గామాట చెప్తే ఆయన ఇక్కడనే ఏడ్చిండు. 'అంటురోగమని ఒకల్ని ఎల్లగొట్టిన మేడం' అన్నడు. ఇచ్చినాయనను అడుగుత, పోలీసులకు చెప్త అన్నడు."

సాయిచంద్‌ను అడిగి ఉంటాడు. మంగళవారం ఒంటిగంటకు, పనివాళ్ళు లేని సమయం చూసి పిలిచి ఉంటాడు. తన తప్పు ఒప్పుకోవడానికి పర్శరాములునూ అదే సమయానికి రమ్మన్నాడు.

"మేడం, మా దగ్గర ఒక మనిషి ఉన్నడు. పార్కిన్సన్, రెండు దినాలు మందు లేదు, జ్వరం," లిడియా గబగబా చెప్పింది.

"దవాఖాన్ల చేర్పించుండ్రి, ఇప్పుడే! ఇంకో మాట. వాంతులు ఆగడానికో, పిచ్చిగ మాట్లాడకుండనో మామూలుగ ఇచ్చే కొన్ని సూదులుంటయి. అవి మాత్రం ఇయ్యనియ్యకుండ్రి. వేరేవాళ్ళకు ఏం కాకపోవచ్చు. మిగిలిన కొంచెం డోపమైన్‌ను గూడ అవి అడ్డుకుంటయి. ఆయనను సంపేతందుకు విషం అక్కర్లేదు."

లిడియా ఫోన్‌లో వాంగ్మూలం ఫొటో తెరిచింది. రెండు వేళ్ళతో పెద్దది చేసింది. ఇంకా పెద్దది చేసింది. గీత అనుకున్నది అక్షరాలుగా విడిపోయింది.

'నేను గడప కాడ నిలబడ్డ. కాలు రాలే. సేటును సాయిచంద్ కొట్టిండు. వెనుక తలుపుకెళ్లి పోయిండు. పోయేటప్పుడు నన్ను చూసిండు.'

మంగళవారం రాత్రి నుంచి ఈ కాగితం ఓంప్రకాశ్ ఫైలులోనే ఉంది. అతను దాన్ని చూసి నవ్వాడు. లిడియాకు ఆ క్షణంలో అతన్ని కొట్టాలనిపించింది. అదే క్షణంలో ఫోన్ మోగింది. ఓంప్రకాశే.

"మేడం, ఫికర్ చెయ్యకుండ్రి," అన్నాడు. గొంతులో ఎన్నడూ లేని మర్యాద ఉంది. "మీరన్నది నిజమే, మనిషికి ఏమన్నయితే నా కొలువు పోతది. అంబులెన్స్ ఇంకా రాలే. ఆయినకు వాంతి గూడ అయింది. మీరు జర బెదిరిచ్చిండ్రు గద, ఊకె కూసోలేక దగ్గర్ల ఉన్న డాక్టర్‌ను పిలిపిచ్చిన. పిలవంగనే ఉరికొచ్చిండు. సూది ఏస్తుండు."

"ఏ డాక్టర్?"

"మన సాయిచందే."

"ఆపుండ్రి!" లిడియా అరుపుకు కమలవ్వ కూడా ఉలిక్కిపడింది. "చెయ్యి పట్టుకోండ్రి ఓంప్రకాశ్! దశరథంను సంపింది వాడే! మీ ఫైల్ల ఉన్న కాగితం మీదనే రాసుంది! ఆపుండ్రి!"

 లిడియా అతను వాదిస్తాడనుకుంది. అతను వాదించలేదు. ఫోన్ బల్ల మీద పడిన చప్పుడు. కుర్చీ తిరగబడింది. ఎవరో "సార్, సార్" అన్నారు, ఏదో గాజుసామాను పగిలింది, ఓంప్రకాశ్ ఒక బండబూతు తిట్టాడు. లిడియా అప్పటికే జీపు వైపు పరుగెడుతోంది. వెనకే కమలవ్వ.

చాలాసేపటికి, అంటే గడియారం ప్రకారం ఇరవై సెకన్లకు, ఓంప్రకాశ్ గొంతు మళ్ళీ వినిపించింది. రొప్పుతున్నాడు.

"సూది గుంజుకున్న మేడం. వాన్ని మావోళ్ళు పట్టిండ్రు. పారిపోవాలె అని సూసిండు."

"దేవా," అని లిడియా ఊపిరి వదిలింది.

"మేడం..." అన్నాడతను మెల్లగా.  "నేను గుంజుకున్నది రెండోది. మీకు ఫోన్ చెయ్యకముందే ఒకటి ఏసిండంట."

లిడియా జీపు తలుపు పట్టుకుని నిలబడిపోయింది. పన్నెండు కావడానికి రెండు నిమిషాలు. వేములవాడ రోడ్డు మీద ఎక్కడా సైరన్ వినబడటం లేదు.

కమలవ్వకు ఫోన్‌లో మాటలు వినబడలేదు. ఆమె ఆశగా లిడియా ముఖంలోకి చూస్తూ, చెవిటివాళ్ళు మాట్లాడినట్టు గట్టిగా అడిగింది.

"గోలి పట్టిందా బిడ్డా? మాట్లాడుతుండా?"